గీత పడలేదంటే ఏమనుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో పాఠం చెప్పి జే-1 (ఎక్స్చేంజ్) వీసా మీద అమెరికా హైస్కూళ్లకు వచ్చే బయాలజీ టీచర్లకు జెనెటిక్స్ కొత్తేమీ కాదు. కొత్తల్లా ప్రతి పిల్లాడి చేతికీ పిపెట్, అంటే చుక్కంత ద్రవాన్ని కొలిచి పీల్చే సాధనం, ఇవ్వడమే. మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఎక్కువగా సార్ చేసి చూపిస్తారు, పిల్లలు రికార్డు రాస్తారు. ఇక్కడ బల్లకు నలుగురు నిలబడి ఎవరి డీఎన్‌ఏ వాళ్లే తీస్తారు, అదీ 45, 50 నిమిషాల పీరియడ్‌లో.

చాలాచోట్ల చేయించేది పీటీసీ చేదు ప్రయోగం. పీటీసీ అంటే ఫినైల్‌థయోకార్బమైడ్ అనే రసాయనం. దీని చేదు కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదని 1931లో ఆర్థర్ ఫాక్స్ బయటపెట్టాడు. ముఖ్య కారణం 7వ క్రోమోజోమ్ మీదున్న టాస్2ఆర్38 జన్యువు. జబ్బుల జోలికి పోని లక్షణమని దీన్ని ఎంచుకుంటారు. అయినా తల్లిదండ్రుల సంతకం లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంట్లోవాళ్ల డీఎన్‌ఏతో పోల్చి చూసే పని అసలే పెట్టొద్దు. ఒక కుటుంబం దాచుకున్న సంగతి క్లాసులో బయటపడితే సర్దిచెప్పడం ఎవరి తరమూ కాదు.

0.9 శాతం ఉప్పునీళ్లు 10 మి.లీ. నోట్లో పోసుకుని 30 సెకన్లు పుక్కిలించి కప్పులో ఉమ్మాలి. అందులో 1.5 మి.లీ. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. పైనీళ్లు వంచేసి, మిగిలిన కొద్దిపాటి నీళ్లలో మడ్డిని కలిపి, 30 మైక్రోలీటర్లు తీసి 100 మైక్రోలీటర్ల 10 శాతం చెలెక్స్‌లో (లోహాల్ని పట్టేసే రెజిన్ పూసలు కలిపిన నీళ్లలో) వేసి, 99 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలి. మళ్లీ తిప్పి, పైతేట మాత్రమే తీయాలి. ప్రయోగం ఎక్కువగా చెడేది ఇక్కడే. చెలెక్స్ పూసలు టిప్‌లోకి వస్తే మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయి. మెగ్నీషియం లేకుండా డీఎన్‌ఏకు కాపీలు తీసే ట్యాక్ ఎంజైమ్ పనిచేయదు.

జన్యువులోని చిన్న ముక్కకు కాపీలు పెంచే పని పీసీఆర్. 35 సైకిళ్ల పీసీఆర్ పీరియడ్‌లో ఇమడదు. బడి వదిలాక మిషన్ వేసి, చివర్న 4 డిగ్రీల దగ్గర ఆగేలా పెట్టుకుంటే సరి. రెండో రోజు, చేదు తెలిసే రకం డీఎన్‌ఏను మాత్రమే కోసే హే-3 ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కోత. మూడో రోజు ముక్కల్ని కరెంటుతో సైజు వారీగా విడదీసి గీతలుగా చూపే 2 శాతం జెల్: 50 మి.లీ. బఫర్‌కు 1 గ్రాము అగరోజ్. బఫర్ బదులు నీళ్లు పోస్తే కరెంటు సరిగా పారదు. శాంపిల్ పోసే గుంటలు నల్ల తీగ వైపు ఉండాలి, డీఎన్‌ఏ ఎర్ర తీగ వైపు నడుస్తుంది. జెల్ గట్టిపడకముందే గుంటలు చేసే దువ్వెన లాగితే గుంటలు చిరుగుతాయి.

వీటన్నిటికంటే ముందు ఒక పీరియడ్ మొత్తం రంగునీళ్లతో పిపెట్ అలవాటు చేయించాలి. బొటనవేలిని రెండో ఆపుదాకా నొక్కి ముంచే పిల్లలు కావలసినదానికంటే ఎక్కువ పీల్చేస్తారు. 2.5 మైక్రోలీటర్ల దగ్గర ఆ తేడా చాలు. టైమ్ దండగనుకుని ఈ పీరియడ్ ఎగ్గొడితే మూడో రోజు ఏడవాలి.

చదవడం తేలికే. 221 బేస్‌ల గీత ఒక్కటే ఉంటే చేదు తెలియని రకం. 177, 44 దగ్గర ఉంటే తెలిసే రకం. మూడూ ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఒక రకం, ఇంకొకరి నుంచి రెండో రకం వచ్చినట్టు. 44 మసగ్గా ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. కోత సగంలో ఆగినా మూడు గీతలే పడతాయి కనక రెండు కాపీలూ చేదు తెలిసే రకమేనని తేలిన శాంపిల్ ఒకటి పక్క లేన్‌లో కోసి నడపాలి.

అసలు గీతే పడకపోతే? ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువులో వదిలే ముందు రొయ్య పిల్లను తెల్లమచ్చ వైరస్‌కు పీసీఆర్ చేయిస్తారు. అక్కడ గీత లేకపోతే వైరస్ లేదనుకోవచ్చు, కానీ తెలిసిన వైరస్ శాంపిల్‌లో గీత పడితేనే. పీటీసీలో ఆ వెసులుబాటు లేదు. జన్యువు అందరికీ ఉంటుంది కాబట్టి గీత లేదంటే ప్రయోగం తప్పింది, "చేదు తెలియదు" అని కాదు. అలాంటి పిల్లల కోసం ముందే పెంచిన డీఎన్‌ఏ ట్యూబులు రెండు ఫ్రీజర్‌లో ఉంచుకోండి. ఎక్కడ తప్పిందో కారణంతో సహా రాసిన రిపోర్టుకు పూర్తి మార్కులే వేయండి.