పాత పద్యకావ్యాన్ని వికీసోర్స్‌లోకి ఎక్కించిన: రిటైరైనవాళ్ల కోసం నా అనుభవం

మొన్ననే ఆఖరి పుట పసుపు రంగులోకి మారింది, అంటే ఒకసారి దిద్దుడు అయిపోయిందని గుర్తు. పాత పద్యకావ్యం ఒకటి ఫొటోలు తీసుడు మొదలుకొని వికీసోర్స్‌లో (పాత పుస్తకాలు ఎవరైనా ఉచితంగా చదువుకునే వెబ్‌సైటు) అక్షరం అక్షరం దిద్దేదాకా అయిపోయింది. రిటైరైనంక పొద్దు ఎట్ల గడుపుదమని అడిగే తోటివాళ్లు చాలామంది ఉన్నరు. అందుకే అన్నీ యాదిలో ఉన్నప్పుడే రాస్తున్న.

వికీసోర్స్‌లో ఖాతా తెరవడానికి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ చాలు. పైసా ఖర్చు లేదు.

ముందు హక్కులు చూసుకోవాలె. మన దేశంలో రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏండ్లు హక్కు ఉంటది. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి గారు బతికుండగా అచ్చైన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివి. అనువాదమైతే అనువాదకుడు పోయిన సంవత్సరం కూడా చూడాలె. పీఠిక ఇంకొకరు రాస్తే దాని లెక్క వేరే.

పుస్తకం సంపాదించుడే కష్టం. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు నిజాం కాలంలో తెలుగు పుస్తకం జనం చేతికి అందాలని తపించిన్రు. ఈ రోజుల్లో వేరే ఊరి గ్రంథాలయం ఒకదాంట్ల బీరువాకు తాళం వేసి, దరఖాస్తు పెట్టమని, పెట్టినంక పై సారు లేడని తిప్పిన్రు. పుస్తకం చెదలకు ఇస్తరు గాని చదివేటోనికి ఇయ్యరు. చివరికి తెలిసినవాళ్ల ఇంట్ల ఒక ప్రతి దొరికింది. నా సలహా ఒకటే: ముందు పాత పంతుళ్ల ఇండ్లల్ల అడగండి, ఆఫీసుల మొహం తర్వాత చూడండి.

పాత కాగితం పెళుసు. పుస్తకాన్ని పూర్తిగా పరిస్తే కుట్టు దగ్గర విరుగుతది. సగం తెరిచి ఒక వైపు దిండు ఆనించి, ముందు కుడి పుటలన్నీ, తర్వాత ఎడమ పుటలన్నీ ఫొటో తీయాలె. వెలుతురు కిటికీ నుంచి పక్కగా పడాలె, ఫ్లాష్ వద్దు. ముఖపత్రం, అచ్చైన సంవత్సరం ఉన్న పుట విడువొద్దు, హక్కులకు అదే రుజువు. అన్నీ ఒక పీడీఎఫ్ చేసి వికీమీడియా కామన్స్‌లో (బొమ్మలు, ఫైళ్లు దాచే వికీ సైటు) పెట్టి, వికీసోర్స్‌లో సూచిక పుట (పుస్తకం పుటలన్నిటి జాబితా) తయారు చేస్తే సరి.

అసలు కథ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే ప్రోగ్రాం) దగ్గర మొదలైతది. మీట నొక్కితే బొమ్మలోని అచ్చు అక్షరాలుగా వస్తది గాని, పాత అచ్చును ఆ యంత్రం సరిగ్గ చదవదు. ప ఉన్నకాడ వ, ఋ ఉన్నకాడ బు, ఱ ఉన్నకాడ ఆ వస్తయి. అరసున్నను (ఁ) ఒకసారి బ్రాకెట్ అంటది, ఒకసారి ఇంగ్లీషు సీ అంటది, ఒకసారి మింగేస్తది. ఇవన్నీ కంటికి దొరుకుతయి.

కంటికి దొరకనిది ఒకటుంది. దిద్దిన పుటలో "సంపద" అని వెతికితే లేదని వచ్చింది. మాటేమో కండ్ల ముందే ఉన్నది! బ్రౌజర్ మార్చినా, ఫాంట్ మార్చినా అదే తీరు. తెలిసినాయన ఒకాయనను అడిగితే "వయసు మీద పడ్డది సార్, కళ్లద్దాలు మార్చండి" అన్నడు. ఆ మాట బాగా గుచ్చుకున్నది. తప్పు నా కండ్లది కాదు. ఓసీఆర్ నిండుసున్న 'ం' బదులు తెలుగు అంకె సున్న '౦' పెట్టింది. తెర మీద రెండూ ఒక్కతీరే ఉంటయి, కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు గుర్తులు. అనుమానం వచ్చినకాడ ఆ సున్న కొట్టేసి చేత్తో మళ్లీ టైపు చేసి వెతికితే వెంటనే దొరికింది.

అంకె సున్నలన్నీ ఒక్కసారే మార్చేస్తే పద్యసంఖ్యలు చెడిపోతయి. ౧౦, ౨౦, ౧౦౦ లాంటివాటిల్ల ఉన్నది నిజమైన అంకె. కాబట్టి ముందు పద్యసంఖ్యలు వేరే కాగితం మీద రాసుకొని, మొత్తం మార్చి, తర్వాత సంఖ్యలు తిరిగి సరిచేయాలె.

టైపుకు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకోండి. ఎక్స్ మీట నిండుసున్న, షిఫ్ట్ పట్టి అదే నొక్కితే అరసున్న. జె మీట ర, షిఫ్ట్‌తో ఱ. ఉచ్చారణ చూసి టైపు చేసే పద్ధతుల్లో అరసున్న కోసం తడుముకోవాలె. అరసున్న ఎందుకు, తీసేద్దాం అనేటోళ్ల మాట వినొద్దు. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలె.

పద్యంలో తప్పు పట్టడానికి ఛందస్సే పెద్ద సాధనం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, గణాలు భ ర న భ భ ర వ, యతి 10వ అక్షరం. చంపకమాలకు 21, యతి 11వది. ఉత్పలమాలలో లెక్కపెడితే 19 వచ్చిందా, ఎక్కడో ఒకటి జారిపోయింది. కందంలో ప్రాస కలవాలె కాబట్టి, మూడు పాదాల రెండో అక్షరం ప ఉండి నాలుగోదాంట్ల వ కనిపిస్తే, బొమ్మలోకి పోయి చూడండి, తొంభై పాళ్లు అది ప నే. ఈ పని ఏ యంత్రమూ, ఛందస్సు రాని ఏ కుర్రాడూ మనంత బాగా చెయ్యలేరు. బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చిన గణాలు ఇన్నేండ్లకు అక్కరకొచ్చినయి, గర్వంగనే చెప్తున్న.

ఇంకో సంగతి. పై శీర్షిక, పుట సంఖ్య హెడర్ పెట్టెలోనే (దిద్దేకాడ పాఠానికి పైన ఉండే పెట్టె) రాయాలె. పాఠంలో ఉంచితే పుటలన్నీ కలిపినప్పుడు పద్యాల నడుమ వచ్చి కూర్చుంటయి. పాదాలు విడివిడి వరుసల్లో నిలవాలంటే పద్యాన్ని పోయెమ్ ట్యాగుల (<poem>, </poem> అనే గుర్తులు) మధ్య పెట్టాలె.

ఒకసారి దిద్దితే పుట పసుపు, రెండోసారి చూస్తే ఆకుపచ్చ. అయితే పసుపు చేసినవాళ్లే ఆకుపచ్చ చెయ్యలేరు, ఇంకొకరు కావాలె. భద్రకాళి బండ్ మీద పొద్దుగాల నడకకొచ్చే తెలుగు సార్లల్ల ఒకరిని ఒప్పించిన. ఆయన నా పుటలు చూస్తరు, నేను ఆయనవి చూస్త. కొత్తగా దిగేవాళ్లు వచనంతో మొదలుపెట్టండి. అరసున్నలు చెయ్యి తిరిగినంక కందం పట్టండి, సీసం ఆ తర్వాత.