కుండీ మార్చిన లేత మొక్కలు తేరుకుంటున్న తీరు

కడియం నర్సరీల నుంచి హైదరాబాదుకు వచ్చే లేత మొక్కలు ఎక్కువగా నల్లటి పాలిథిన్ సంచుల్లో, బరువైన జిగట మట్టిలో ఉంటాయి. ఈసారి తెచ్చుకున్న పీస్ లిల్లీ, సింగోనియం, జీజీ మొక్క, చిన్న బెంజమిన్ ఫైకస్ కూడా అలాగే వచ్చాయి. పగటి వేడి 40 డిగ్రీలు దాటే మే నెలలో, ఏసీ గాలిలోని తేమను లాగేసే గదిలో, వేళ్లు కదిలిన మొక్క నిలదొక్కుకోవడం కష్టం కాబట్టి తొలకరి వానలు పడేదాకా వాటిని ఆ సంచుల్లోనే ఉంచి, జూన్ మూడో వారంలో కుండీల్లోకి మార్చాను.

మిశ్రమంలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) ఒక్కొక్క పాలు ఉన్నాయి. కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉంటుంది గనుక దానిని నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి పిండిన తరువాతే వాడాను. కుండీ వెడల్పు పాత సంచి కంటే నాలుగైదు సెంటీమీటర్లకు మించలేదు, ఎందుకంటే వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి కుళ్లును పిలుస్తుంది. అడుగున గులకరాళ్లు వేయలేదు. రాళ్ల పొర వల్ల నీరు త్వరగా దిగిపోతుందని చాలామంది నమ్ముతారు గాని, నిజానికి నీరు ఆ పొరకు పైన ఉన్న మట్టిలోనే నిలిచి, తడి వేళ్లకు మరింత దగ్గరవుతుంది.

జిగట మట్టిగడ్డను అలాగే తేలికపాటి మిశ్రమంలో పెడితే, పోసిన నీళ్లు గడ్డ చుట్టూ జారిపోయి లోపలి వేళ్లు ఎండిపోతాయి. అందుకని పీస్ లిల్లీని, సింగోనియంను బకెట్టు నీళ్లలో కాసేపు నానబెట్టి, బయటి మట్టిని మాత్రం చేతివేళ్లతో మెల్లగా రాల్చి, నడిమి గడ్డను కదపకుండా వదిలేశాను. ఫైకస్ గడ్డను అసలు ముట్టుకోలేదు. జీజీ మొక్క దుంపలో నీటిని దాచుకుంటుంది గనుక, తెగిన వేళ్లు మానేందుకు వారం రోజులు దానికి నీళ్లే పోయలేదు.

నీటిని పీల్చే పనిలో ఎక్కువ భాగం వేరు కొనల దగ్గరి సన్నని నూగుదే, అది చేయి తగిలితే చాలు తెగిపోతుంది. ఆకులు మాత్రం మునుపటిలాగే తేమను వదులుతూ ఉంటాయి. ఈ తేడా వల్లనే మొక్క వాలిపోతుంది కాబట్టి, ఈ దశలో నీళ్లు పెంచడం కంటే ఆకుల ఖర్చు తగ్గించడం మీదనే నేను దృష్టి పెట్టాను.

నాటిన సాయంత్రానికే పీస్ లిల్లీ తొడిమలు కుండీ అంచు మీదికి వాలిపోయాయి. వేలిని రెండు కణుపుల లోతు దింపి చూస్తే మట్టి తడిగానే ఉంది. తడి మట్టిలో వాలిన మొక్కకు మళ్లీ నీళ్లు పోస్తే, ఉన్న కొద్దిపాటి వేళ్లకు కూడా గాలి అందదు. వంటింటి తూకం మీద పెడితే నీళ్లు పోసి వడిసిన తరువాత ఆ కుండీ 1,400 గ్రాములు తూగింది. 1,100 గ్రాముల దగ్గరికి వచ్చినప్పుడే మళ్లీ పోయాలని గోడకు అంటించిన కాగితం మీద రాసుకున్నాను. ఇంట్లోవాళ్లకు ఇది చాదస్తంగా కనిపించినా, వేలి అంచనా కంటే తూకమే నమ్మదగినది.

పీస్ లిల్లీకి, సింగోనియానికి వెదురు పుల్లలు గుచ్చి పలచని పారదర్శకమైన కవరు కప్పి, తూర్పు కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో, ఎండ నేరుగా పడని చోట ఉంచాను. ఎండ తగిలితే కవరు లోపలి వేడికి ఆకులు ఉడికిపోతాయి. రెండో వారంలో సాయంత్రం పూట కవరు ఎత్తి ఉంచుతూ, ఆ తరువాత అంచుల్లో కోతలు పెట్టి పెంచుతూ, చివరికి తీసేశాను. ఒకేసారి తీసి ఉంటే గది గాలికి ఆకులు మళ్లీ వడలిపోయేవి.

సింగోనియం కింది ఆకులు రెండు పసుపు రంగుకు తిరిగాయి. పండే ఆకులోని నత్రజనిని మొక్క వెనక్కి తీసుకుంటుంది గనుక, పూర్తిగా పండేదాకా వాటిని తుంచలేదు. నాటగానే సగం ఆకులు కత్తిరించాలనే సలహా నాకు నచ్చదు. కొత్త వేరుకు కావలసిన పిండిపదార్థం ఆ ఆకులే తయారు చేయాలి. బి1 విటమిన్ కలిపిన టానిక్కులు కూడా కొనలేదు, ఆ విటమిన్‌ను మొక్క తన ఆకుల్లో తానే తయారు చేసుకుంటుంది.

ఫైకస్ ఎక్కువ కలవరపెట్టింది. వాడిపోకుండానే, పచ్చగా ఉన్న ఆకులనే రాల్చింది. వెలుతురు మారినా, చోటు మారినా ఈ జాతి ఇలాగే చేస్తుంది. కొమ్మను గోటితో గీరితే లోపల పచ్చగా ఉండి పాలు కారాయి, అంటే ప్రాణం ఉన్నట్టే. కుండీని అంగుళం కూడా జరపకుండా, ఆకులు తగ్గినందువల్ల నీళ్లు కూడా తగ్గించి అక్కడే ఉంచాను. మధ్యలో చిన్న నల్ల ఈగలు లేస్తే, పైమట్టి ఆరనిచ్చి, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాను.

జూలై చివరికి పీస్ లిల్లీ నడుమ నుంచి గట్టిగా చుట్టుకున్న లేత ఆకు లేచింది, కుండీ కింది రంధ్రంలో తెల్లని వేరు కొన కనిపించింది. సింగోనియం కొత్త ఆకు విచ్చుకుంది. జీజీ మొక్కలో కొత్త చిగురేమీ లేదు గాని, కాడను మెల్లగా లాగితే మట్టి పట్టు తెలుస్తోంది, దుంప గట్టిగానే ఉంది. ఎరువుల్లోని లవణాలు మట్టిలో పెరిగితే దెబ్బతిన్న వేళ్లకు నీటిని లాగడం మరింత కష్టమవుతుంది గనుక ఇప్పటిదాకా ఏ ఎరువూ వేయలేదు. బోరు నీళ్లు తెల్లని పొర కడుతున్నందున వాన నీళ్లే పట్టి పోస్తున్నాను. ఆగస్టు రెండో వారం నుంచి పీస్ లిల్లీకి, సింగోనియానికి మాత్రం నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువును లీటరు నీటికి అర గ్రాము చొప్పున, మట్టి తడిగా ఉన్నప్పుడే ఇవ్వాలనుకుంటున్నాను. ఫైకస్ కొమ్మల చివర మొగ్గలు సూదిగా ఉబ్బుతున్నాయి, అవి ఆకులుగా విచ్చుకునేదాకా దానికి ఎరువు లేదు, చోటు మార్పూ లేదు.