కరెంటు కొట్టుకున్నప్పుడల్లా మతి పోగొట్టుకున్న పెట్టె

అల్లూరు దగ్గర ఒక రొయ్యల రైతు గుంటల మీద నేను పెట్టిన కంట్రోలర్ పెట్టె ఉంది. నీళ్ళలో ఆక్సిజన్ చూసి గాలి చిలికే ఏరేటర్లు వేయడం దాని పని. లోపల చిన్న లైనక్స్ బోర్డు, దాన్ని లేపే చిన్న ప్రోగ్రాం యూ-బూట్. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్. "అబ్బయ్యా, నీ పెట్టె లైట్లు ఎలగతానే ఉండాయి, ఫోన్లో మాత్రం కనపడటంలా. ఏరేటర్లు నేనే ఏసుకున్నా." గుంటలో ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళకే, ఇక నిద్రెక్కడిది, నెల్లూరు నుంచి బండేసుకుని పోయాను.

బోర్డు చెప్పేది కంప్యూటర్‌లో చదివే సీరియల్ కేబుల్ మూడు వైర్లు తగిలించి 115200 స్పీడ్‌లో చూస్తే మొదట్లోనే కనిపించింది: బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డీఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్, అంటే సరిచూసే లెక్క కుదరలేదు, తనలో ముందే ఉన్న సెట్టింగులు వాడుతున్నా అని.

యూ-బూట్ తన సెట్టింగులన్నీ (వీటినే ఎన్విరాన్‌మెంట్ అంటారు) ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, ఒకచోట పేరు, ఈక్వల్ గుర్తు, విలువ అని వరసగా రాసి, వాటికి ముందు నాలుగు బైట్లలో సీఆర్‌సీ32 అనే సరిచూసే లెక్క పెట్టుకుంటుంది. లేచినప్పుడల్లా ఆ లెక్క మళ్ళీ వేస్తుంది, తేడా వచ్చిందా, ఏ లైను బాగుంది ఏది చెడింది అని చూడదు, మొత్తం పక్కన పడేసి తనలో కంపైలై ఉన్న డీఫాల్ట్ తీసుకుంటుంది. ఆ డీఫాల్ట్‌తో లైనక్స్ శుభ్రంగా లేచింది, నన్ను మోసం చేసింది అదే. నెట్‌వర్క్‌లో బోర్డుని గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్ మాత్రం పోయింది కాబట్టి ఏదో కొత్తది పుట్టించుకుంది, రౌటర్లో దానికని కట్టేసిన ఐపీ రాలేదు, అందుకే ఫోన్లో కనపడలేదు.

నా స్క్రిప్ట్‌తో సెట్టింగులు మళ్ళీ ఎక్కించి, వాటిని సేవ్ చేసే సేవ్‌ఎన్వ్ కమాండ్ కొట్టి వచ్చేశాను. మూడు వారాలకి మళ్ళీ అదే ఫోన్.

ఈసారి బోర్డు ఇంటికి తెచ్చి స్విచ్ బోర్డు దగ్గర కూర్చున్నాను. ప్లగ్ వేయడం, రెండు సెకన్లకి తీయడం, మళ్ళీ వేయడం, అక్కడ కరెంటు వచ్చి పోయి వచ్చినట్టే. ముప్పైయ్యో నలభయ్యో సార్లకి దొరికింది. టెస్ట్ బోర్డులో సెట్టింగులు చూపించే ప్రింట్‌ఎన్వ్ ఇచ్చింది మొత్తం కాపీ కొట్టి ఆ స్క్రిప్ట్ చేశాను, అందులో అప్‌గ్రేడ్_అవైలబుల్ 1 అని ఉండిపోయింది. అది 1 ఉంటే యూ-బూట్ ప్రతి బూట్‌కీ బూట్‌కౌంట్ అనే లెక్క పెంచి ఎన్విరాన్‌మెంట్ సేవ్ చేస్తుంది. ఈ బోర్డులో ఉన్న నార్ రకం ఫ్లాష్‌లో సేవ్ అంటే ముందు సెక్టర్, అంటే ఒక ముక్క మొత్తం, చెరిపి తర్వాత రాయడం, ఆ మధ్యలో కరెంటు పోతే మిగిలేది అన్నీ ఎఫ్ఎఫ్‌లే, అంటే ఖాళీయే. తప్పు నాదే, అప్పటిదాకా కరెంటోళ్ళని తిట్టుకుంటున్నాను.

ఆ విలువ 0 చేశాను, చాల్లే అనిపించలేదు, రిడండెంట్ ఎన్విరాన్‌మెంట్ కూడా పెట్టాను. వేర్వేరు సెక్టర్లలో రెండు కాపీలు, సేవ్ చేసినప్పుడు పాతదాన్ని చెరపకుండా రెండోదాంట్లో రాస్తుంది, ఏది తాజాదో చెప్పడానికి సీఆర్‌సీ తర్వాత ఒక ఫ్లాగ్ బైట్ ఉంటుంది.

ఆ ఒక్క బైటే నాకు ఇంకో రోజు తినేసింది. యూ-బూట్‌లో అంతా బాగుంది, లైనక్స్ నుంచి అవే సెట్టింగులు చదివే ఎఫ్‌డబ్ల్యూ_ప్రింట్‌ఎన్వ్ కొడితే మాత్రం బ్యాడ్ సీఆర్‌సీ. ఫ్లాష్ చిప్ పోయిందేమోనని కొత్తది అతికించి కూడా చూశాను, సిగ్గుచేటు. చూస్తే, కాపీలు ఎక్కడున్నాయో ఆ కమాండ్‌కి చెప్పే ఎఫ్‌డబ్ల్యూ_ఎన్వ్ కాన్ఫిగ్ ఫైల్లో పాత ఒక్క లైనే ఉంది. ఒక లైనుంటే అది ఒకే కాపీ అనుకుని నాలుగు బైట్ల తర్వాత నుంచే డేటా అని లెక్కేస్తుంది, అసలు డేటా మొదలయ్యేది అయిదు తర్వాత. రెండో కాపీ మొదలయ్యే చోటుతో (ఆఫ్‌సెట్) రెండో లైను రాయగానే కుదిరింది. సైజు తప్పిచ్చినా ఇదే గోల, ఎందుకంటే సీఆర్‌సీ లెక్క చివర ఖాళీతో సహా మొత్తం సైజుకి వేస్తారు. ఆ స్థితిలో సెట్టింగులు మార్చే ఎఫ్‌డబ్ల్యూ_సెట్‌ఎన్వ్ కొట్టారంటే బాగున్న యూ-బూట్ కాపీ కూడా చెడుతుంది, ముందు ప్రింట్ చేసి చూసుకోండి.

ప్లగ్ ఆట మళ్ళీ రెండొందల సార్లు ఆడాను, మా ఆవిడ "ఆ స్విచ్చి పోతే మాత్రం నువ్వే మార్చాల" అంది. ఒక్కసారి కూడా సెట్టింగులు పోలేదు. పెట్టె తిరిగి గుంట గట్టు ఎక్కింది. మూత లోపల మార్కర్‌తో దాని మ్యాక్ అడ్రస్ రాసిపెట్టాను, ఈసారి పోతే ఫోన్లోనే చదివి చెప్పమంటాను.