బాపు చెవుల్లో హోరు, నేను రాసిన ఒక పేజీ

హనుమకొండ నయీంనగర్‌లో మెడికల్ కోడింగ్, అంటే జబ్బులకీ చికిత్సలకీ కోడ్లు వేసే పని, నేర్చుకుంటున్నప్పుడు ఒక మధ్యాహ్నం వై38 కోడ్ల దగ్గరికి వచ్చాం. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో ఉగ్రవాద దాడుల్లో తగిలిన గాయాలకు కారణం చెప్పే కోడ్లు ఇవి. అది ఉగ్రవాద దాడేనని అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చాకే వాడాలి, అనుమానం సరిపోదు. ఆరో స్థానంలో 1 ఉంటే గాయపడింది పోలీసో ఫైర్ సిబ్బందో అని అర్థం. 2 అయితే మామూలు జనం. ఏడో స్థానంలో ఒక అక్షరం వస్తుంది. చికిత్స నడుస్తుంటే ఏ, గాయం మానే దశలో చూపించుకుంటుంటే డి, ఎన్నేళ్లయినా సరే ఆ గాయం మిగిల్చిన బాధకి ఎస్.

ఎస్ గురించి చెప్తూ సార్ 2001 సెప్టెంబర్ 11 దాడుల సంగతి ఎత్తారు. శిథిలాల దగ్గర పనిచేసిన పోలీసులు, ఫైర్ సిబ్బంది ఇప్పటికీ చికిత్స తీసుకుంటున్నారట. జేమ్స్ జడ్రోగా అనే న్యూయార్క్ పోలీసు పేరు మీద 2010లో అక్కడి కాంగ్రెస్ వాళ్ల వైద్యం కోసం చట్టం ఆమోదించింది. 2015లో ఆ వైద్య కార్యక్రమాన్ని 2090 దాకా పొడిగించారు. 2090 అని నోట్స్‌లో రాసుకుంటుంటే నాకు బాపు, మా నాన్న, గుర్తొచ్చాడు.

బాపు రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. 1990ల చివర్లో, నేను పుట్టకముందు, డ్యూటీ మీద జీపులో వెళ్తుంటే మందుపాతర పేలింది. కాలి గాయం మానింది, మళ్లీ డ్యూటీకి పోయాడు. ఇంట్లో ఆ ముచ్చట అంతటితో అయిపోయింది. కానీ జనవరి చలిలో కూడా బాపు ఫ్యాన్ వేసుకునే పడుకుంటాడు. అదో అలవాటు అనుకున్నాం. ఆ రాత్రి అడిగితే చెప్పాడు: "ఫ్యాన్ బందైతే చెవుల్ల గుయ్యిమంటది బిడ్డా. పేలిన కాడి నుంచి గట్లనే ఉన్నది."

పాతికేళ్లుగా ఈ మాట అమ్మకి కూడా చెప్పలేదు.

ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాను. సరిగ్గా వినపడట్లేదని చెప్పాం. అరవై దాటాయనగానే డాక్టర్ వయసు వల్లే అని రాసి పంపేశాడు. బాపు పేలుడు సంగతి ఎత్తలేదు, ఆయనే చెప్తాడని నేనూ ఊరుకున్నాను. అక్కడ తప్పు చేశాను.

ఇనుప పెట్టెలో వెతికితే పాత డిశ్చార్జి కాగితం దొరికింది. కాలి గురించి రెండు పేరాలు, చెవుల గురించి ఒక్క ముక్క లేదు. పేలుడు ఒత్తిడికి ఒంట్లో చాలా తేలిగ్గా దెబ్బతినేది కర్ణభేరి. కానీ కాలి నుంచి నెత్తురు కారుతుంటే చెవుల మాట ఎవరికి గుర్తుంటుంది? ఎఫ్‌ఐఆర్ నకలు తెచ్చుకోవడానికి మూడు వారాలు తిరిగాం.

అప్పుడు కూర్చుని ఒక పేజీ రాశాను. పాత గాయం మిగిల్చిన బాధకి కోడ్లు వేయడంలో ఒక వరస ఉంటుంది: ముందు ఇప్పటి సమస్య, తర్వాత ఎస్ అక్షరంతో అసలు గాయం, ఆపైన కారణం. పేలుడు వల్ల రెండు చెవులూ దెబ్బతింటే ఎస్09.313ఎస్. ఆ అమెరికా కోడ్లు మనకి అక్కర్లేదు, వై38 బాపు కేసుకి వర్తించదు కూడా. నేను తీసుకున్నది ఆ వరసనే. రెండు చెవుల్లో హోరు, వినికిడి తగ్గింది. ఫలానా తేదీన పేలుడు, జీపులో ఏ వైపు కూర్చున్నాడు, డ్యూటీలో ఉన్నాడు, హోరు ఆ రోజు నుంచి ఆగలేదు. కింద ఎఫ్‌ఐఆర్ నకలు పిన్ చేశాను.

ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ డాక్టరమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది. "పేలినప్పుడు చెవిలోంచి రక్తం వచ్చిందా?" అని అడిగింది. ఇన్నేళ్లలో బాపుని ఎవరూ అడగని ప్రశ్న అది. వచ్చిందని తలూపాడు. వినికిడి పరీక్ష ఆడియోగ్రామ్‌లో నష్టం కుడి చెవి 66, ఎడమ చెవి 62 డెసిబెల్స్ వచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 మధ్య నష్టం ఉంటే వైకల్యంగా గుర్తిస్తారు. వైకల్య సర్టిఫికెట్ కోసం మీసేవలో సదరం స్లాట్ బుక్ చేశాం. రెండు చెవులకీ వినికిడి మెషీన్లు పెట్టుకోవాలంది డాక్టరమ్మ, బయటి శబ్దాలు బాగా వినపడితే హోరు మీద ధ్యాస కూడా తగ్గుతుందట. ఫ్యాన్ గురించి చెప్తే, మంచి పనే చేశారు, పూర్తి నిశ్శబ్దంలో హోరు ఇంకా ఎక్కువ వినపడుతుంది అంది. బాపు మొహంలో నవ్వు చూశాను.

నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడని అమ్మ చెప్పింది. సైకియాట్రీ ఓపీకి రమ్మంటే బాపు ససేమిరా అన్నాడు. చివరికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయడానికి ఒప్పుకున్నాడు. ఇంటి వెనక జామచెట్టు కింద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడావని నేను అడగలేదు.

మొన్న ఆ జీపులోనే ఉన్న ఇంకో కాకకి బాపు ఫోన్ చేశాడు. "నీకు గూడ గుయ్యిమంటదా? మా బిడ్డ కాగితం రాసిస్తది, రా" అన్నాడు. ఆదివారం వస్తున్నాడు. ఎఫ్‌ఐఆర్ ఇద్దరిదీ ఒకటే కాబట్టి జిరాక్స్ తీసి పెట్టాను. డిశ్చార్జి కాగితం ఎంత చిరిగి ఉన్నా సరే తెమ్మని చెప్పాను.