రిమ్ము వెనక ఉన్న అంకెలు

జులై మధ్యాహ్నం, ఐ-10 హైవే మీద బాల్మొరియా ఊరు దాటిన కాసేపటికి మేం కాపురముండే ట్రైలర్ ఎడమవైపు వెనక టైరు పేలింది. నేను బండి పక్కకి తీసి ఆపేలోపే ఊడిన రబ్బరు పట్టీ ఫెండర్ని చీల్చి, లోపలి వైర్లు తెంపి, వంటగట్టు కింద నేలకి చిల్లు పెట్టేసింది. టెక్సస్ పడమటి ఎండలో, గంటకి 80 మైళ్ల వేగంతో ట్రక్కులు దూసుకుపోతుంటే, నేనూ మా ఆవిడా రోడ్డంచున నిలబడి ఉన్నాం. మర్నాడు పొద్దున ఫోర్ట్ స్టాక్టన్ దగ్గర సైట్లో డ్యూటీకి చేరాలి.

నాది సోలార్ ఫామ్స్‌లో టెస్టింగ్ పని. ఒక్కో సైట్లో మూడు నాలుగు నెలలు, తర్వాత ఇంకో కౌంటీ. పర్మియన్ బేసిన్ అనే చమురు ప్రాంతంలో ఆయిల్ పని జోరుగా ఉన్న రోజుల్లో మోటెల్ గది దొరకదు, దొరికినా పర్ డీమ్ (రోజువారీ భత్యం) మొత్తం దానికే సరిపోతుంది. అందుకే నాతో పనిచేసే చాలామంది ట్రావెల్ ట్రైలర్ కొనుక్కుని, పికప్ వెనక తగిలించుకుని తిరుగుతారు. మేమూ పాతది ఒకటి కొన్నాం. మా ఇల్లు నాలుగు టైర్ల మీద ఉంది. ఆ టైర్ల గురించి నాకేమీ తెలియదన్న సంగతి ఆ రోజుదాకా నాకే తెలియలేదు.

పాత టైర్లు ఎస్టీ 225/75ఆర్15 సైజువి, లోడ్ రేంజ్ డి. లోడ్ రేంజ్ అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం. ఎస్టీ అంటే ట్రైలర్లకోసం ప్రత్యేకంగా చేసినవి. పైకి గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి. కానీ టైరు గోడ మీద ఉండే డాట్ నంబరు చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ లెక్కన వాటికి ఏడేళ్లు దాటాయి. బయల్దేరేముందు గేజీ పెట్టి చూడలేదు, కంటికి బాగానే కనిపించాయి. రెండు యాక్సిళ్ల (ఇరుసుల) ట్రైలర్‌తో వచ్చే చిక్కే ఇది. ఒక టైర్లో గాలి తగ్గితే పక్కది బరువు మోసేస్తుంది, తగ్గింది కిందికి నొక్కుకున్నట్టు కనపడదు. లోపల మాత్రం గోడలు మడతపడి మడతపడి వేడెక్కుతూ ఉంటాయి.

స్టెప్నీ వేసుకుని నెమ్మదిగా ఊరు చేరాం. ఒక టైర్ల షాపులో నాలుగూ మార్పించాను. పేలిన టైరు పక్కనున్నది చూడ్డానికి బాగానే ఉంది. కానీ రెండింటి బరువు ఒక్కటే మోసింది కాబట్టి దాన్ని ఇక నమ్మకూడదు. ఈసారి ఇంకా గట్టివి కావాలన్నాను. అదే సైజులో లోడ్ రేంజ్ ఇ వేసి, 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) గాలి కొట్టి పంపించారు. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ట్రైలర్లు నిలుపుకునే పార్కులో మా పక్క ట్రైలర్ ఒక రిటైరైన పైప్‌లైన్ వెల్డర్‌ది. ముప్పై ఏళ్లు ఇలాగే ఊరూరా తిరిగిన మనిషి. కొత్త టైర్లు చూసి, ‘‘బాగున్నాయి. మరి రిమ్ములు ఏమంటున్నాయి?’’ అని అడిగాడు. రిమ్ములు ఏమనడమేమిటో నాకు అర్థం కాలేదు. ఒక చక్రం విప్పి వెనక చూడమన్నాడు.

ఆదివారం జాకీ పెట్టి చక్రం విప్పాను. వెనకంతా మట్టి, బ్రేకు పొడి. మా ఆవిడ తడిగుడ్డతో తుడిచి ఫోన్ లైటు వేసింది.

‘‘ఏమండీ, ఇక్కడేదో చెక్కి ఉంది. 2600 పౌండ్లు.’’

‘‘పక్కన ఇంకేమైనా ఉందా చూడు.’’

‘‘65 పీఎస్ఐ అని ఉంది. వాళ్లు 80 కొట్టారుగా మరి?’’

నేను జవాబు చెప్పలేకపోయాను. అవి ఆ రిమ్ము మోయగల బరువు, తట్టుకోగల గాలి ఒత్తిడి. సైట్లో నా పనేమిటి? ప్రతి కేబుల్‌కీ, ఫ్యూజుకీ, బోల్టుకీ దాని రేటింగ్ చూసి సంతకం పెట్టడం. సన్న వైరు మీద పెద్ద ఫ్యూజు వేస్తే వైరు గట్టిపడదు, కాలిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటిరోజే నేను చెప్పే మాట ఇది. నా ఇంటి చక్రానికి మాత్రం ఆ లెక్క వేసుకోలేదు.

ఆ సైజులో లోడ్ రేంజ్ సి 50 పీఎస్ఐ దగ్గర 2150 పౌండ్లు, డి 65 దగ్గర 2540, ఇ 80 దగ్గర 2830 మోస్తుంది. నిజానికి బరువు మోసేది గాలి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి. ఇ టైర్లో 65 మాత్రమే పెడితే పట్టిక ప్రకారం అదీ 2540 పౌండ్లే మోస్తుంది, డి మోసినంతే. దాని పూర్తి బలం కావాలంటే 80 పెట్టాలి, పెట్టాలంటే రిమ్ము ఒప్పుకోవాలి. నా రిమ్ము 65 దాటి ఒప్పుకోదు. చల్లగా ఉన్నప్పుడే 80 ఉంటే ఎండలో గంటసేపు నడిచాక 90 దాటుతుంది. ఆ ఒత్తిడంతా రిమ్ము అంచుల మీదే పడుతుంది. అక్కడ పగులొస్తే కొత్త టైరు ఎంత గట్టిదైనా ఆపలేదు.

వాల్వు కూడా అంతే. షాపువాళ్లు వేసినవి మామూలు రబ్బరు వాల్వులు, వాటి పరిమితి కూడా 65 పీఎస్ఐయే. మర్నాడే వెళ్లి లోహపు వాల్వులు వేయించుకున్నాను. వాటి మీద గాలి ఒత్తిడి చూపించే సెన్సర్లు బిగించాను. ఆ సెన్సర్ల బరువుకి రబ్బరు వాల్వు ఊగి ఊగి అడుగున చీలుతుందట, అది వెల్డర్ చెప్పిన మాట.

మిగిలింది అసలు బరువెంతో తేల్చుకోవడం. ట్రైలర్ ఎడమవైపు ముందుభాగంలో అంటించిన స్టిక్కర్ మీద టైరు సైజు, చల్లగా 65 పీఎస్ఐ, మొత్తం బరువు పరిమితి రాసి ఉన్నాయి. అది పరిమితి మాత్రమే. మన సామాన్లు ఎంతో దానికి తెలియదు. ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీదికెక్కిస్తే ట్రైలర్ యాక్సిళ్ల మీద 7,900 పౌండ్లు వచ్చింది. నాలుగుతో భాగిస్తే ఒక్కో టైరు మీద 1,975. కానీ ఫ్రిజ్జు, పొయ్యి, బియ్యం బస్తాలు, నా పనిముట్ల పెట్టె అన్నీ ఎడమవైపే. సైట్లో చక్రాల కింద పెట్టి తూచే పలకలు ఉంటే సూపర్‌వైజర్ని అడిగి తెచ్చి తూచాను. ఎడమ 4,250, కుడి 3,650. ఎడమ టైర్ల మీద ఒక్కోదానికి 2,125. టైరు పేలింది కూడా అటువైపే.

65 పీఎస్ఐ దగ్గర 2540 మోసే టైరు మీద 2,125 ఉంటే ఇంకా నాలుగొందల పౌండ్లు మిగులుంది, రిమ్ము 2600 లోపలే ఉన్నాం. కాబట్టి 65 చాలు. గట్టి గోడలున్న ఇ టైరు ఉండటం మంచిదే, దాని ధర వృథా కాలేదు. కానీ దాన్ని చూసి ఇంకో నాలుగు పెట్టెలు ఎక్కించడానికి లేదు, ఎందుకంటే యాక్సిల్, ఫ్రేము పాతవే. 80 పెట్టాలనుకుంటే రిమ్ములు కూడా మార్చాలి, మాకా అవసరం లేదు. పనిముట్ల పెట్టె కుడివైపుకి మార్చాను, బియ్యం పికప్‌లోకి వెళ్లింది.

గాలి చూడటం ఇప్పుడు పొద్దున ఎండ తగలకముందే. కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న టైర్నే చల్లని టైరు అంటారు. ప్రతి పది డిగ్రీల ఫారన్‌హైట్‌కి మా ఒత్తిడిలో ఒకటిన్నర పీఎస్ఐ తేడా వస్తుంది. చలికాలంలో న్యూ మెక్సికో కొండల్లో తెల్లారితే 65 పెట్టింది 60 అయి కనిపిస్తుంది. మొదటిసారి సెన్సర్ మధ్యాహ్నం 76 చూపించినప్పుడు టెన్షన్ పడి, ఆపి గాలి తీసేయబోయాను. వేడి టైర్లోంచి గాలి తీస్తే సాయంత్రం చల్లారాక తక్కువైపోతుంది, మళ్లీ మొదటి కథే. వెల్డర్‌కి ఫోన్ చేస్తే, ‘‘ముట్టుకోకు’’ అన్నాడు.

మొన్న టెక్సస్‌లోనే ఒడెస్సా వైపు కొత్త సైట్‌కి బయల్దేరాం. తెల్లవారుజామున నేను గేజీ పెడుతుంటే మా ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుంది. చక్రాలు విప్పి బిగించినప్పుడల్లా నట్లు పది, ఇరవై అయిదు, యాభై మైళ్ల దగ్గర బిగువు కొలిచే టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఆ ముందురోజే బ్రేకులకోసం విప్పాను. అందుకని పది మైళ్లకి ఒకసారి ఆగాం. కుడి ముందు చక్రానికి రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. పక్క పేజీలో అది కూడా రాసింది.