ఒకే టీచరు, రెండు తరగతులు

కోవిడ్ లాక్‌డౌన్ వల్ల 2021 జనవరి 5 నుంచి మార్చి 8 దాకా ఇంగ్లండ్‌లో ప్రైమరీ బడులు మూతపడ్డాయంటారు కానీ, పూర్తిగా మూతపడలేదు. డాక్టర్లు, నర్సులు, సూపర్‌మార్కెట్ సిబ్బంది లాంటివాళ్ల పిల్లలు, సోషల్ వర్కర్ పర్యవేక్షణలో ఉన్న పిల్లలు బడికి వెళ్లే వీలుండేది. తల్లిదండ్రుల్లో ఒక్కరిది అత్యవసర ఉద్యోగమైనా చాలన్నారు. మొదటి లాక్‌డౌన్ కన్నా ఈసారి గదులు బాగా నిండాయి.

చిక్కంతా అక్కడే. ఇంట్లో ఉన్న చిన్న తరగతులవాళ్లకు రోజుకు సగటున 3 గంటలు, ఏడేళ్లు దాటినవాళ్లకు 4 గంటల పని ఇవ్వాల్సి వచ్చింది. గదిలో కూర్చున్నవాళ్లనూ చూసుకోవాల్సి వచ్చింది. రెండూ ఒకేసారి చేయబోతే టీచరు ఎవరికీ దక్కరు. నా దృష్టిలో మేలైన పద్ధతి ఇది: 10-15 నిమిషాల పాఠం ముందే రికార్డు చేసి పెట్టాలి. గదిలో టీచింగ్ అసిస్టెంట్ (టీచరుకు సాయం చేసేవారు) అదే వీడియో చూపించి, అదే వర్క్‌షీట్ చేయించాలి. ఆ సమయంలో టీచరు ఇంటి నుంచి వచ్చిన పని దిద్ది, వెనకబడినవాళ్లకు ఫోన్ చేయాలి.

అన్నీ లైవ్ పెడితే ముగ్గురు పిల్లలకు ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో ఇద్దరికి పాఠం పోతుంది. రికార్డయితే వంతులేసుకుని చూస్తారు. వీడియో గేములాడే ప్లేస్టేషన్ బ్రౌజర్‌లో పాఠాలు చూసిన పిల్లలూ ఉన్నారు! పిల్లలు రాసి పంపాల్సిన పని కోసం మాత్రం ప్రింట్ కాగితాలు ఇంటికి పంపాల్సిందే.

పరికరం లేక, కూర్చుని చదువుకునే చోటు లేక ఇబ్బందిపడే పిల్లలకూ బడిలో చోటివ్వొచ్చని అప్పటి నిబంధనల్లోనే ఉండేది. ఆ సంగతి తల్లిదండ్రులు అడిగేదాకా ఆగకుండా, బడే ఫోన్ చేసి చెప్పాల్సింది.