గజ్జల్లో రెండు గాట్లు

ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపినవాణ్ని, నడుము నొప్పి నాకు కొత్త కాదు. కానీ పోయిన సంక్రాంతి వెళ్లాక ఓ తెల్లవారుజామున వచ్చింది అది కాదు. ఎడమ డొక్కలో మొదలై వీపులోకి గునపం దించినట్టు పొడిచింది. ఒళ్లంతా చెమట. బాత్రూం గుమ్మంలోనే కూలబడ్డాను.

కర్నూల్లో మొదట వెళ్లిన చోట కిడ్నీలో రాయి అని సూది వేసి పంపేశారు. రెండు గంటలు పోయాయి. రెండో చోట ఓ చిన్న వయసు డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయింది. "పెద్దాయనా, బీడీలు తాగుతారా?" నలభై ఏళ్లుగా, అన్నాను. వెంటనే స్కానింగ్‌కు పంపింది. గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమని పొట్ట దగ్గర మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందట. నాది 7కు ఉబ్బి పగిలింది. కారిన రక్తం వీపు వైపు గడ్డకట్టి అడ్డుపడబట్టి ఊపిరితో ఉన్నాను.

అంబులెన్సులో హైదరాబాద్ బయల్దేరాం. నేను తిప్పిన రోడ్డే. కళ్లు మూసుకున్నా చక్రాల చప్పుడు మారగానే తెలిసిపోయేది: ఇది తుంగభద్ర వంతెన, ఇది బీచుపల్లి దగ్గర కృష్ణ. బీపీ 90 కూడా లేదు, సెలైన్ ఇంకా ఎక్కించండి అని కోడలు ఏడుస్తోంది. "వద్దమ్మా, బీపీ పెరిగితే ఆ గడ్డ ఊడిపోతుంది" అన్నాడు ఆసుపత్రి నుంచి వెంట వచ్చిన కుర్రాడు.

పొట్ట కోయలేదు. గజ్జల దగ్గర మాత్రమే మత్తు ఇచ్చారు, నేను మెలకువగానే ఉన్నాను. తొడల్లోని రక్తనాళాల గుండా మడిచిన గుడ్డ గొట్టాన్ని పైకి పంపి, పగిలిన చోట లోపల విప్పారు. తీగల అల్లిక దాన్ని గోడకు అదిమి పట్టుకుంటుంది. తెగిన టైరు లోపల గేటర్ వేసినట్టే. ఇలా మొదట 1990లో అర్జెంటీనాలో పరోడీ అనే సర్జన్ చేశారని డాక్టరుగారు చెప్పారు.

చూడటానికి వచ్చినవాళ్లు "రెండు గాట్లేనా!" అంటుంటే మనసు చివుక్కుమనేది. గాటు చిన్నదైతే గండం చిన్నదైపోదు. బ్రిటన్‌లో ధమని పగిలిందన్న అనుమానంతో వచ్చిన 613 మందిని పరిశీలించారు. నెల తిరిగేసరికి కోసి కుట్టే పద్ధతిలో నూటికి 37 మంది, వీలైతే గొట్టం వేద్దామనుకున్నవాళ్లలో 35 మంది పోయారు. పెద్ద తేడా లేదు. మూడేళ్లకు మాత్రం ఆ లెక్క 56, 48. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చాక నడుము పక్కన నల్లగా కమిలిన మచ్చ పసుపు రంగుకు తిరగడానికే మూడు వారాలు పట్టింది. వీధి చివరిదాకా నడవడానికి రెండు నెలలు. గొట్టం అంచుల నుంచి రక్తం జారుతోందేమో చూడటానికి స్కానింగ్‌లు ఇక బతికినన్నాళ్లూ తప్పవు.

ఈ జబ్బు తోబుట్టువులకూ రావచ్చన్నారు. తమ్ముణ్ని లాక్కెళ్లి పొట్ట స్కాన్ చేయించాను. 4.1 సెంటీమీటర్లు వచ్చింది. 5.5 దాకా సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాదికోసారి చూడాలి, బీడీ మానాలి అన్నారు. వాడింకా మానలేదు. రోజూ పొద్దున్నే వాళ్లింటికెళ్లి అరుగు మీద కూర్చుని, జేబులో కట్ట ఉంటే ఇమ్మని అడుగుతున్నాను.